దిష్టి గుమ్మడికాయ తిన్న అవ్వ

మద్దిలేటి అని ఒక కుమ్మరాయన ఉండె. మన ఊరు కాదులే, వంకకు అవతల ఊరు. చెయ్యి ఎంత మంచిదంటే సారె మీద మన్ను పెట్టి ఇట్ల ముట్టుకుంటే చాలు, కుండ లేస్తాదంట. నోరే మంచిది కాదు. ఏం జరిగినా ఇంకొకరి మీదికి తోసేసేది. కాల్లో ముల్లు దిగితే కంపచెట్టుది తప్పంట, దాన్ని కొట్టెయ్యని ఊరోళ్ళది తప్పంట. నేను చూసుకోకుండా నడిచినా అని మాత్రం చచ్చినా అనడు. ఏమే మాబున్నీ, నవ్వుతాండావు? మీ ఆయనా అంతేనని గదా? నాకు తెలుసులే, చెనక్కాయలు ఒలుచుకుంటా విను. ఏం నాయనా, నువ్వు రాసుకుంటాండావా? రాసుకో. పులుసు బాగుందని రెండుసార్లు పోయించుకొని తింటివి గదా, నిద్రొస్తే చెప్పు, ఆపేస్తా. రాదా? సరే.

వాళ్ళ నాయన ఉన్నన్నాళ్ళూ పని ఎట్ల ఉండెనంటే, ఊరికి అంత దూరం వంక మలుపు కాడికి పోయి మన్ను తవ్వుకొచ్చేవాడు. ఎండబెట్టేవాడు, దంచేవాడు, జల్లెడ పట్టేవాడు, నానేసేవాడు, అప్పుడు కాళ్ళతో తొక్కేవాడు. తొక్కుతా తొక్కుతా కాలికి గింజంత రాయి తగిలినా వంగి తీసి పారేసేవాడంట. నెలకొక్కసారి ఆవం పెట్టి కాల్చేది, నలభై కుండలు, అంతే. ఆవానికి అగ్గి మాత్రం కోడలి చేతే పెట్టించేవాడు. కోడలంటే మద్దిలేటి పెండ్లాం, సుంకులమ్మ. ఇంటికి దీపం పెట్టే చెయ్యి ఆవానికీ పెట్టాల అనేవాడంట ఆ ముసలాయన. కుండలు అమ్ముకొని, సంగటి తిని, గోడకు ఆనుకొని పాటలు పాడుకునేవాడు. ఆయన పాయ. ఆయన పోయినాక ఏమైందంటే, మద్దిలేటికి ఆశ పుట్టె. పెద్ద సంతకు బండ్లకు బండ్లు తోలాల, మిద్దె కట్టాల అని. వంక దాకా ఎవురు పోతారని ఇంటెనక దిబ్బే తవ్వె. దంచేదెందుకు, జల్లెడెందుకు అని జల్లెడ తీసి అటక మీదికి ఎగరేసె. నెలకు రెండుసార్లు కాల్చె. ఒక్కో తూరికి రెండు వందల కుండలు!

కుండలు చూసేదానికి బాగానే ఉండేవంట. ఎర్రగా, నున్నగా. ఇంటికి తీసకపోయినాక ఉండేది తమాషా. వారానికో పది దినాలకో టప్పుమని ఇంత పెచ్చు ఎగిరిపోతాది. ఒకామెకు పొయ్యి మీద కూర కుతకుత ఉడుకుతాంటే అడుగు ఊడి కూరంతా పొయ్యిపాలాయ. ఆమె ఊరుకుంటాదా? ఆ పెచ్చు చేతబట్టుకొని మద్దిలేటి గడప కాడ నిలబడి పొద్దెక్కేదాకా తిట్టిందంట. మద్దిలేటి ఏమన్నాడు? కట్టెలు పచ్చివి, కట్టెలమ్మినోడు మోసం చేసె అనె. మళ్ళ నెల వాన తప్పు అనె. ఆ మళ్ళ నెల పక్కింటోని కన్ను అనె. ఆడలేనమ్మ మద్దెల ఓడు అనిందంట, అట్ల. పాపం సుంకులమ్మ ఒకదినం, "ఏమయ్యా, మన్ను ఒకతూరి చూడరాదూ? మామ జల్లెడ పట్టేవాడు గదా" అనె. "కుండలు చేసే కులంలో పుట్టినోనికి నువ్వు మన్ను గురించి చెప్తావా!" అని లేచినాడంట మీదికి. అంతటితో ఆగినాడా? సోది చెప్పే ఆమెను పిలిపించె. ఆమె వాని చెయ్యి పట్టుకొని కండ్లు మూసుకొని, ఇంటి ఆడమనిషి నీడ ఆవం మీద పడతాంది నాయనా అనె. అంతే. ఆపొద్దు నుంచి సుంకులమ్మ ఆవం దిక్కుకు పోగూడదు. అగ్గి పెట్టినామె, వాకిట్లో నిలబడి పొగ చూసేది. మూడేండ్లు అట్లే చూసిందనుకో.

దిష్టి తీసేదొకటి పెట్టుకున్యాడు. ప్రతి అమాసకూ సంతలో ఒక బూడిదగుమ్మడికాయ కొనేది, కుంకుమ పూసేది, పైన కర్పూరం ముట్టించి ఆవం చుట్టూ మూడుసార్లు తిప్పేది, పొద్దుగూకే యాళకు ఊరి బయట మూడు దార్లు కలిసే కాడ పగలగొట్టి వచ్చేది. పగలగొట్టినాక ఎనక్కి తిరిగి చూడగూడదు, మీకు తెలిసిందే. చూస్తే పోయిన చెడ్డంతా మళ్ళ ఎంట వస్తాది. మా అమ్మ చూడలే, నేనూ చూడలే, మీరూ చూడలే. ఎవురూ చూడరు. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇట్ల ఉండంగా పెద్దరెడ్డి కొడుక్కు పెండ్లి కుదిరె. పెండ్లంటే ఐరేని కుండలు కావాల గదా, కుమ్మరింటి నుంచి రంగులేసి మేళంతో తెచ్చుకునేవి. రెడ్డి పిలిపించి, "మద్దిలేటీ, మీ తాత కాడ్నుంచి మా ఇంటి పెండ్లికి కుండలు మీరే ఇస్తిరి. పోయినేడు కరణమోళ్ళ పందిట్లోనే నీ కుండ పగిలె. ఆ పెండ్లికూతురు ఎట్ల ఏడ్చెనో చూసినావు గదా? ఈతూరి ఒక్క కుండ పగిలినా పక్కూరి కుమ్మరోళ్ళకు చెప్తాం, మళ్ళ మీ గడప తొక్కం" అనె. ఊరి కుండలు పోతే బువ్వ పోతాది, ఐరేని కుండలు పోతే పరువే పోతాది. మద్దిలేటి ఇంటికొచ్చి ఆ కోపమంతా ఎవురి మీద తీసె? ఇంకెవురి మీద! "ఈతూరి పగిలిందంటే నువ్వు మీ అమ్మోళ్ళింటికి పో, మళ్ళ రావద్దు" అనేసె. సుంకులమ్మ సంగటి తట్ట ముందర పెట్టి లోపలికి పాయ. ఆయమ్మ అట్ల పోతాంటే ఆ తట్టలో సంగటి ఎట్ల దిగిందో వానికి, నాకైతే తెలీదు.

అమాస వచ్చె. సంతంతా తిరిగి పెద్ద కాయ తెచ్చె, ఇంత. తిప్పి, పోయి, శక్తి కొద్దీ ఎత్తి కొట్టినాడు. ఆ ఊపులో కాలి చెప్పు ఒకటి జారి ఆడే ఉండిపాయ. పది అడుగులు వచ్చినాక గులకరాయి గుచ్చుకుంటే తెలిసె. కొత్త చెప్పులు. ఎనక్కి చూస్తే చెడ్డ వస్తాది, చూడకపోతే చెప్పు పోతాది. ఏం చేసినాడనుకున్యారు? ఎనక్కి తిరక్కుండానే, వీపు అటు పెట్టి, కాలితో తడుముకుంటా తడుముకుంటా ఎనక్కి నడిచె! మొగం మాత్రం ఊరి దిక్కే. అట్ల నడిచి నడిచి మెత్తంగా దేన్నో తొక్కె. "మెల్లగా నాయనా, నా చెయ్యి" అనె అది. వాడు కెవ్వుమని ఎగిరి, ఇంక తిరక్కుండా ఎట్ల ఉంటాడు, తిరిగె. చూస్తే ఒక ముసలమ్మ గంప పెట్టుకొని గుమ్మడి చెక్కలు ఏరుకుంటాంది. ఏరుకుంటా ఏమో గొణుక్కుంటాంది.

"నువ్వు సంతలో గుమ్మడికాయలమ్మే ఈరమ్మవ్వవు గదా!" అనె మద్దిలేటి. అవును నాయనా, ఈ కాయ నేనమ్మిందే అనింది. "ముట్టుకోవద్దవ్వా! దాంట్లో నా చెడ్డంతా ఉండాది!" "యాడుండాది? మూడేండ్లుగా నీవి తింటాండా. మట్టి అంటిన తావు కోసి పారేసి, కుంకుమ కడిగేసి, ఇంత చింతపండు పిండి పులుసు పెట్టుకుంటా. గింజలు గుడిసె పక్కన నాటుకుంటా. తీగ గుడిసెకెక్కె, కాయలు కాసె, అవే నీకమ్ముతా. నువ్వు తెచ్చి మళ్ళ ఈడ పగలగొడతావు." "నీకేం కాలేదా అవ్వా?" "కాకేం, రెండు పండ్లు ఊడె. ఎనభై ఏండ్లకు ఊడవా మరి?" వానికి ఏం చెప్పాలో తెలీలే. తెలీనప్పుడు వాడు చేసేదొకటే గదా, "నువ్వు తినబట్టే నా చెడ్డ పోలే!" అని ఆమె మీద పడె. చూసినారా? దొరికినోళ్ళ మీదికల్లా తోసేదే!

అవ్వ నవ్విందంట బోసినోటితో. "తింటే నాకు రావాల గదరా చెడ్డ? ప్రతి కాయా కోసి చూసినా నాయనా, గింజలు తప్ప ఏం లే. నీ చెడ్డ దీంట్లోకి ఎక్కలే, ఇంట్లోనే ఉండిపోయినట్లుండాది, పోయి ఎతుక్కో. ఇంకోమాట విను. ముద్ద నోట్లో పెట్టుకునే ముందర, ఈ కాయ ఇచ్చిన బిడ్డ ఇల్లు సల్లగుండ అని మొక్కి తింటాండా. మూడేండ్ల దీవెన. అదీ నీకు పనిచేయలే. నీ దిష్టీ నాకు తగల్లే, నా దీవెనా నీకు తగల్లే. ఇంక మిగిలినోడెవుడు?" అవ్వ గంప ఎత్తుకుంటా చెప్పిందంట, "నాకు మొగుడు పాయ, బిడ్డలు లే. కొన్నాళ్ళు దేవుణ్ణి తిట్టినా, కొన్నాళ్ళు మరుదుల్ని తిట్టినా. తిట్టేకొద్దీ ఆకలైతాండె గానీ కడుపు నిండలే. ఒకదినం లేసి చూస్తే ఈడ కాయ పడి ఉండె. సరే, నాకున్నది ఇది, దీంతో నేనే బతకాల అనుకున్యా. ఆపొద్దు నుంచి నాకు కొదవ లే నాయనా. చీకటి పడతాంది, నీళ్ళు తాగి పోదువు రా."

గుడిసెలో ఏముండాది? ఒక చాప, ఒక పొయ్యి, ఒక కుండ. అవ్వ ముంచి ఇచ్చిన నీళ్ళు సల్లగా ఉండె. "ఈ కుండ ఎవురు చేసినారవ్వా?" అనె వాడు. "మీ నాయన. ముప్పై ఏండ్లాయ. తట్టి చూడు." తట్టె. గణ్ అనింది. మళ్ళ తట్టె. గణ్ అనింది. వాడు ఆ కుండ పక్కనే కూలబడి ఏడ్చినాడంట.

ఇంటికొచ్చినాక, పెండ్లయినాక మొట్టమొదటిసారి అనుకో, "సుంకులూ, మన కుండలు యాల పగులుతాండాయే?" అని అడిగె. ఆయమ్మ చేస్తాండే పని ఆపి లోపలికి పాయ. దీపం గూట్లో నుంచి ఒక చిప్ప తెచ్చి ముందర పెట్టె. చిప్ప నిండా తెల్లగా, జొన్నగింజలంత పొడి పొడి రాళ్ళు. మూడేండ్లుగా ఊరోళ్ళు గడపలో పడేసి పోయిన ప్రతి పెచ్చులో నుంచీ గీకి పెట్టిందంట. "సున్నపు రాయయ్యా. ఇంటెనక దిబ్బలో ఉండాది. ఆవంలో కాలి సున్నమైతాది, తేమ తగిల్తే ఉబ్బి కుండను చీలుస్తాది. నువ్వు అడిగితే చూపిద్దామని పెట్టుకున్యా" అనె. అడిగేదానికి మూడేండ్లు పట్టె చూడు! వాడు ఆ చిప్ప చేతుల్లో పెట్టుకొని, "తప్పు నాదే" అనె. ఆ మాట ఆ నోట్లో నుంచి వచ్చేసరికి ఆ ఇంటి పిల్లి కూడా తలెత్తి చూసిందంట.

ఇంకేముంది, అటక మీద జల్లెడ దిగె. వంక మలుపు కాడికి మొగుడూ పెండ్లాం పోయిరి. ఎండబెట్టిరి, దంచిరి, జల్లెడ పట్టిరి, నానేసిరి, తొక్కిరి. నలభై కుండలే చేసిరి. అన్నీ పేర్చినాక మద్దిలేటి కొరివి తీసి సుంకులమ్మ చేతిలో పెట్టె. "నా నీడ పడతాదేమో" అనె ఆయమ్మ, అంతా మనసులో ఉంటాది గదా. "పడనీ. నీ నీడ పోయినప్పటి నుంచే నాకు తెలివి పోయింది" అనె వాడు. అగ్గి పెట్టె. చల్లారినాక తీసి చూస్తే రెండు కుండలు పగిలి ఉండె. సుంకులమ్మ వాని మొగం దిక్కే చూసె, ఇప్పుడెవురి మీద పడతాడో అని. మద్దిలేటి ఆ రెండూ ఎత్తి చూసి, "ఇవి సరిగ్గా ఆరకముందే పేర్చినా. నా తొందర" అని పక్కన పెట్టె. మిగిలినవాటికి నీళ్ళు పోసి ఇరవై దినాలు పెట్టుకున్యారు. పొద్దున లేస్తానే ఇద్దరూ పోయి చూసేది. ఒక్క పెచ్చు లేస్తే ఒట్టు! వాటిలో మంచివి ఏరి రంగులేసి ఇస్తే, రెడ్డి ఇంట్లో పెండ్లి జరిగె, మేళం మోగె, కుండలు కుండల మాదిరే ఉండె. రెడ్డి ఇద్దరికీ బట్టలు పెట్టె. మిద్దె మాత్రం కట్టలే వాళ్ళు. ఆ పాత ఇంట్లోనే, నెలకు నలభై కుండలు చేసుకొని, సంగటి తిని, మద్దిలేటి కూడా వాళ్ళ నాయన మాదిరే గోడకానుకొని పాడేదంట. గొంతు బాగుండేది కాదంటారులే.

ప్రతి తూరీ మొదట తీసిన కుండ ఈరమ్మవ్వకే. అవ్వకు ఒక్కటే బాధ. "నీకు తెలివొచ్చె, నాకు బేరం పాయ గదరా నాయనా" అనేదంట. వాడు నవ్వి, అమాస అమాసకూ ఆమె కాడ కాయ కొనుక్కొనే పోయేది. పగలగొట్టేదానికి కాదు, సుంకులమ్మ పులుసు పెట్టేది. అవ్వ గిన్నె అవ్వకు పోయేది. ముద్ద నోట్లో పెట్టుకునే ముందర ముగ్గురూ, ఇచ్చినోళ్ళ ఇల్లు సల్లగుండ అనుకునేది. ఎవురిచ్చినారో, ఎవురు తిన్యారో, ఇంక ఆ లెక్క యాడ తేల్తాది!

అంతే కత. నా వయసూ ఎనభై దాటె. మొగుడు పాయ, ఒక కన్ను పాయ. ఇంకో కన్నుండాది, చెనక్కాయ ఒలిచే వేళ్ళుండాయి, చెప్తే వినేదానికి మీరుండారు. సల్లగుండండి. నాకు మాత్రం ఒక దురలవాటు పట్టె నాయనా ఈ కత చెప్పీ చెప్పీ. మా కోడలు మొన్న అమాసకు మూడు దార్ల కాడ ఇంత కాయ పగలగొట్టి, ఎనక్కి చూడకుండా వచ్చె. నేను చూస్తిని. ఇందాక నువ్వు రెండుసార్లు పోయించుకుంటివే, ఆ పులుసు దానిదే. ఏం, కలం ఆపితివి? ఏం కాలే గదా కడుపులో? మరి రాసుకో.