ఎర్రర్ ఇప్పించిన ఉమాపతి సార్

అధ్యక్షత వహిస్తున్న మా డైరెక్టర్ పట్టాభిరామయ్య గారికి, ఉమాపతి సార్ సతీమణి అన్నపూర్ణమ్మ గారికి, నాచారం ట్రాఫిక్‌ల నలిగి వచ్చిన పెద్దలకు, పక్క హాల్లోంచి బిర్యానీ వాసన వస్తున్నా కదలకుండ కూర్చున్న మిత్రులకు నమస్కారం.

నేను హిమజను, ఇయ్యాల రిటైరైతున్న ఉమాపతి సార్ దగ్గర పని నేర్చుకున్నదాన్ని. సార్ రాసేది స్టోరేజ్ డ్రైవర్లు, అంటే కంప్యూటర్‌కూ డిస్కుకూ మధ్యన నిలబడి ఇటుమాట అటు చేర్చే ప్రోగ్రాములు. సార్‌కు డిస్కుల మీద నమ్మకం లేదు. డిస్కులే కాదు, పాలు తెచ్చిపెట్టిన అని చెప్పినా సరే ఫ్రిజ్ తీసి చూస్తరని మేడం ఇందాకే చెప్పిన్రు. (నవ్వులు) తల అడ్డంగ ఊపకండి సార్, సాక్షి ముందు వరసల్నే ఉన్నరు.

అందుకే సార్ డ్రైవర్, డిస్కుల ఏది రాసినా దానికి చెక్‌సమ్, అంటే ఆ సమాచారం నుంచే తీసిన ఒక గుర్తు నంబరు, లెక్కగట్టి వేరేచోట దాచుకుంటది. చదివేటప్పుడు మళ్లీ లెక్కగట్టి చెక్ చేస్తది, రెండూ కలవకపోతే ఆ సమాచారం ఇయ్యదు, ఎర్రర్ ఇస్తది.

నేను ఇంకా ప్రొబేషన్‌ల ఉన్నప్పుడు, ఉప్పల్ దిక్కు ఒక దవాఖానాల మా డ్రైవర్ పెట్టినం. వెంటనే ఫోన్లు మొదలైనయ్, "మీది రాకముందు రిపోర్టులన్నీ మంచిగ తెరుచుకునేవి" అని. సంగతేందో చూద్దామని సార్ అక్కడికే పోయిన్రు. ఇక్కడ డైరెక్టర్ గారు నన్ను పిలిచి, "సాయంత్రంలోగా ఆ చెక్ తీసేయమ్మా, లేకపోతే కాంట్రాక్ట్ పోతుంది" అన్నరు. మర్యాదగనే అన్నరు, నేను మార్చి చెప్తలేను డైరెక్టర్ సార్. నేను బయటికి వచ్చి ఉమాపతి సార్‌కు ఫోన్ చేసిన.

"తియ్యకు హిమజా. ఎవరన్నా అడిగితే ఉమాపతి వద్దన్నడని చెప్పు, నీ పేరు రానియ్యకు."

"ఉద్యోగం పోతే ఎట్ల సార్?"

"పోతే నాది పోతది. నువ్వు అన్నం తిన్నవా?"

అదే పూట ఆ దవాఖానాల వెంకటనర్సమ్మ అనే పెద్దమ్మ రక్తం రిపోర్టుకు కూడా ఎర్రర్ వచ్చింది. ల్యాబోళ్లు తిట్టుకుంటనే మిషన్ నుంచి మళ్లీ ప్రింట్ తీసిన్రు. చూస్తే పొటాషియం ప్రాణం మీదికి వచ్చేంత ఉన్నది. అప్పటికప్పుడే ఐసీయూకు తీస్కపోయిన్రు. సార్ డిస్కు తెరిచి చూస్తే, అండ్ల ఆమె పాత రిపోర్టే ఉన్నది, అంతా బాగున్నదని. కొత్తది రాసేసిన అని డిస్కు చెప్పింది గని, రాయలేదు. చెక్ తీసేసి ఉంటే డాక్టర్ ఆ పాతదే చూసి ఆమెను ఇంటికి పంపేటోడు.

పెద్దమ్మ బతికింది. సార్ ఆ డిస్కులన్నీ మార్పించిన్రు. మర్నాడు డైరెక్టర్ గారు సార్ సీటు దగ్గరికి వచ్చి, "ఉమాపతీ, టీ తాగుదామా" అన్నరు. మా కంపెనీల క్షమాపణ అంటే గదే. (నవ్వులు, అధ్యక్షులు కూడా)

సార్, రిటైరయ్యేటోళ్లను నవ్వుకుంట సాగనంపాలంటరు. నవ్విస్తున్న గని, నాకు సంతోషంగ లేదు. మీరుండే బోడుప్పల్ పెద్ద దూరం కాదు. కోడ్ అర్థం కాని రోజు మీ ఇంటి గంట కొడత. మేడం విసుక్కున్నా సరే, వస్త.

నా మాటలు ఓపికగ విన్నరు, అందరికీ దండాలు. ఇగ నాకు సెలవు.