అరుగు మీది బిందె

మే నెల మిట్టమధ్యాహ్నం. కొల్లేటి లంకలో ఒక ఇంటి ముందు, అరుగు మీది బిందె వంచి బురద కాళ్ళు కడుక్కున్న యూనివర్సిటీ అమ్మాయి, ఇంటావిడ ఎదురుగా ఫారం పట్టుకుని కూర్చుంది.

"అబ్బ, నీళ్ళెంత చల్లగా ఉన్నాయండీ! ప్రాణం లేచొచ్చింది."

"పారాణి ఇంకా పోనేలేదు, కొత్త పెళ్ళికూతురివి. ఈ ఎండలో ఏం పనమ్మా?"

"వేసవి ఇంటర్న్‌షిప్పండీ. మీ తాగునీటి ఇబ్బందులు రాసుకురమ్మని స్టైపెండిచ్చి పంపారు. రోజుకెన్ని బిందెలొస్తాయండీ?"

"కైకలూరు నుంచి పడవ మీద రెండొస్తాయమ్మా."

"ఇవాళా రెండేనా?"

"రెండే. ఒకటి లోపలుంది."

"రెండోదండీ?"

"అరుగు మీద ఉండేదమ్మా."

"అయ్యో! కొల్లేటి నీళ్ళనుకున్నానండీ. అంతా ఒంపేసుకున్నాను! ఒక్క మాట చెప్పకపోయారా?"

"గుమ్మంలోకొచ్చిన ఆడపిల్లని కాళ్ళు కడుక్కోవద్దని ఎలా అంటాం?"

"మరి రేపు పడవొచ్చేదాకా పిల్లలకి?"

"పక్కింట్లో అడుగుతాలే."

"నా సీసా అయినా తీసుకోండి."

"నువ్వింకా పది గడపలు తిరగాలి. ఉంచుకో."

"ఇవాళ ఒక్క బిందేనని రాస్తానండీ. నా వల్లేనని కూడా రాస్తాను."

"రెండనే రాయమ్మా. కాళ్ళకిచ్చిన నీళ్ళు కూడా ఎంచి చెప్పిందంటే నలుగురూ నన్నేమనుకుంటారు?"