గుట్ట మీద తెల్లచోటు

ఆ రోజు మాదాపూర్ ఇంట్లో నాయనమ్మ, మనవరాలు, గంపలో పొదుగుతున్న కోడి తప్ప ఎవరూ లేరు. బడి పోటీకి పాస్టెల్ రంగులతో వేసిన బొమ్మను మనవరాలు బెరుకుగా చూపించింది.

“గిది మన గుట్టనే గదనే! కంప్యూటర్ ఆఫీసులకని పేల్చేసిన్రు గద.”

“అవు నాయనమ్మా. ఎర్రగున్నయి నువ్వెండబోసిన మిరపకాయలు.”

“మరి నడుమ తెల్లగ ఇడిచినవేంది? రంగు అయిపోయిందా?”

“అది తాత కూసునే జాగ. ఆయన పోయినంక గూడ నువ్వు ఆడ మిరపకాయలు పొయ్యలేదు గద.”

“నువ్వు సూసినవా?”

“రోజు సూస్తుంటి.”

నాయనమ్మ వేలు ఆ తెల్లచోటు దాకా వెళ్లి ఆగింది.

“ముట్టకు నాయనమ్మా, రంగంటుకుంటది. రేపు బడిల ఇయ్యాలె!”

“ఇంకోటి గీసుకో పో. ముసలోనితోని జర మాట్లాడనీ.”

బొమ్మతో లోపలికి వెళ్లి, మనవరాలి ముఖం మీదే తలుపు వేసేసుకుంది.