బెండకాయ గుర్తు పాట

తిరుపతిలో మైకుసెట్టు శాంతయ్య అంగడి. ఎదురుగా ఫోనులో రికార్డరు ఆన్ చేసుకుని కోమలి. వెనకాల వైర్లు చుడుతూ శాంతయ్య భార్య పంకజాక్షి.

"దానికంత సీను లేదమ్మా."

"అదేంటండీ! తిరుపతిలో ఇండిపెండెంట్ సీన్ బాగా పెరిగిందంటేనే కదా హైదరాబాదు నుంచి వచ్చాను?"

"ఎవురన్నారు? డిపాజిట్టు గూడా రాలేదే వానికి! మొత్తం నూటపదకొండు ఓట్లు. దాంట్లో వాళ్ళింటోళ్ళవే ఇరవై."

"ఎవరికండీ?"

"మా వార్డులో నిలబడిన ఇండిపెండెంటుకు. నువ్వడిగేది ఆ బెండకాయ గుర్తు మునిచంద్ర గురించే గదా?"

"కాదు శాంతయ్యగారూ, పాటల గురించి. ఇండిపెండెంట్ పాటలు ఎవరు కడుతున్నారు, ఎవరు పాడుతున్నారు అని..."

"పాటలా? ఏం పాటలు? మాకేం తెలవదు. పెండ్లిండ్లకు, సావులకు బాక్సులు బాడిగకిచ్చే అంగడి మాది."

"ఏమయ్యా, ఎలక్షన్లప్పుడంతా ఆటోకు బాక్సులు కట్టుకోని..."

"నువ్వు వైర్లు సుట్టు మే! మాటకు అడ్డం రావాకు. ఇంతకూ నువ్వు ఏ ఆఫీసు నుంచి పాపా?"

"చెప్పాను కదండీ, ఫీల్డ్ వర్క్ మీద వచ్చాను."

"ఉపాధి పనుల కొలతలకా?"

"కాదు కాదు. పాడేవాళ్ళతో తిరుగుతూ, ఎవరేం చేస్తున్నారో గమనించి రాసుకోవడం. అబ్జర్వర్ అంటారు మమ్మల్ని."

"అబ్జర్వరా!"

"ఏమైందండీ, లేచి నిలబడ్డారు?"

"ఏం లే మేడమ్. కూర్చోండి మేడమ్. ఒక్క నిమిషం. ఏమే, ఇట్ల రా. మెల్లగా మాట్లాడు. ఎలక్షన్ అబ్జర్వరంట!"

"యాడ? ఆ పాప సూస్తే కాలేజీ పిల్ల మాదిరి ఉండాది."

"నీకేం తెలుసు? ఒక ఆటోకు పర్మిషను తీసుకోని రెండు తిప్పినాం గదా. బాక్సులు నాలుగూ ఎత్తుకోని పోతే రేపట్నుంచి ఏం తింటాం? నోరు మూసుకోనుండు."

"శాంతయ్యగారూ, ఒక పాట వినిపిస్తాను, చూడండి. 'బెండకాయ గుర్తు బావా, జిగురు మాటలు వద్దు బావా, తుంచి చూసి ఓటెయ్ బావా...' ఈ గొంతు మీదే కదా?"

"జలుబు చేస్తే ఎవురి గొంతైనా అట్లే ఉంటాది మేడమ్."

"గొంతు సంగతి వదిలేయండి. రాసిందెవరు? నాక్కావలసింది వాళ్ళే."

"పాడినోళ్ళను ఏం చేయరా? రాసినోళ్ళనే పట్టుకుంటారా?"

"అవును. వాళ్ళను పట్టుకోవాలనే మూడు రోజులుగా ఊరంతా తిరుగుతున్నాను."

"అట్లయితే సెప్తా. ఇదో, ఈమె. నా పెండ్లాం పంకజాక్షి. రాసిందీ ఈమే, రాగం కట్టిందీ ఈమే. నేను వద్దు వద్దంటానే ఉన్నా."

"ఏమయ్యా!"

"అబ్బ, అమ్మా, మీరేనా? మీలాంటివాళ్ళ మీదే మేం పుస్తకం వేస్తున్నాం. సినిమా పాటలు పట్టుకోకుండా సొంతంగా కట్టుకుని పాడేవాళ్ళ మీద. అట్ట మీద మీ ఫొటో. వచ్చే నెల హైదరాబాదులో స్టేజీ మీద..."

"ఉండు ఉండు పాపా. పుస్తకమా? నువ్వు ఎలక్షన్ అబ్జర్వరు కాదా?"

"ఎలక్షనేమిటండీ? నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇండిపెండెంట్ అంటే ఎవరి కిందా లేకుండా పాడుకునేవాళ్ళు."

"ఆ మాట ముందే సెప్పుండకూడదా తల్లీ! కొట్టెయ్, ఇందాకటిది కొట్టెయ్. పాట నాది. ముప్పై ఏండ్లుగా పాడతా ఉండా, ఈ పాట ఎవురిది శాంతయ్యా అని ఈ ఊర్లో ఒక్క నా కొడుకైనా అడిగినాడా? నువ్వే మొదట. రాసుకో. రచన, రాగం, గానం, మూడూ శాంతయ్య."

"మరి ఈమె అన్నారు?"

"భయపడి ఆడమనిషి మీదికి తోసినా. సిగ్గుమాలిన పనే, ఒప్పుకుంటా. పాట మాత్రం నాదే."

"సరేనండీ. 'తుంచి చూసి ఓటెయ్' అని రాశారు కదా, తుంచడం ఎందుకు?"

"తుంచడమంటే... ఓటరు స్లిప్పు ఉంటాది గదా... దాని కొన తుంచి, అదే, ఆడ బూతులో ఇచ్చి..."

"బెండకాయ కొన పాపా. తుంచితే టక్కున ఇరిగేది లేతది, ఇరగకుండా సాగేది ముదరది. సంచి పట్టుకోని మార్కెట్టుకు పోయినోళ్ళకు తెలుస్తాది."

"ఏమే, బయటి మనుషుల ముందర..."

"ఆయన మొదట నన్ను సూపించి సెప్పింది కొట్టెయ్యాకు పాపా, అట్లే ఉండనీ. నేను కట్టింది పాడి పాడి తనదే అనుకుంటాడు. పెండ్లయిన ముప్పై ఏండ్లలో ఈ మనిషి నిజం సెప్పింది అదొక్కటే. అదీ అబద్ధమనుకోని సెప్పినాడు."