బుద్ధుడి ఎదుట అత్తాకోడళ్లు

ఊరి చివర పాత బౌద్ధ ఆలయం మెట్లు ఎక్కుతూ కోడలు అత్తగారి చెయ్యి పట్టుకుంది. భర్త పోయి నాలుగేళ్లయినా ఆమె అత్తగారి దగ్గరే ఉంటోంది. ఈ రోజు ఎలాగైనా మనసులో మాట చెప్పేయాలని ఆమెను ఇక్కడికి తీసుకొచ్చింది.

"మెల్లగా అత్తయ్యా, మెట్లు అరిగిపోయాయి."

"వందల ఏళ్లు తొక్కితే అరగవూ? నా మోకాళ్లు అరవైకే అరిగాయి."

లోపల బుద్ధుడి విగ్రహం ఎదుట చల్లటి రాతినేల మీద ఇద్దరూ కూర్చున్నారు.

"ఈయన ముఖం చూడవే. ఎవరేం చెప్పినా తిట్టేలా లేడు."

"అత్తయ్యా... మీకొకటి చెప్పాలి."

"కళ్లద్దాల షాపతని గురించేగా?"

"మీకెలా తెలుసు?"

"నా అద్దాలు వదులయ్యాయంటూ నెలలో మూడుసార్లు అక్కడికి తీసుకెళ్లావు. ఆ అద్దాల్లోంచే చూశానమ్మా."

కోడలికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"మిమ్మల్ని వదిలి రానని అతనితో ముందే చెప్పేశాను."

"ఏమన్నాడు?"

"మీ గదిలోకి ఎండ రావాలట. అలాంటి ఇల్లు వెతుకుతున్నాడు."

"బుద్ధిమంతుడే. మరి ఈ మాత్రం దానికి ఇంత దూరం లాక్కురావాలా? వంటింట్లో చెబితే నేను కాదనేదాన్నా?"

"ఇంట్లో ఆయన ఫోటో ఉంది కదా అత్తయ్యా. దాని ముందు నోరు పెగల్లేదు."

అత్తగారు అద్దాలు తీసి అరచేత్తో కళ్లు తుడుచుకుంది.

"వాడికి నేను చెబుతాలే. నా మాట వాడెప్పుడూ కాదనలేదు."