తాడు పట్టినోళ్ళకే ముక్క

సింగరకొండ అని ఒకడుండేవాడు. తనకి రెండు చేతులున్నాయని వాడికి మహా గర్వం. మనకు లేవా? ఉన్నాయి, కానీ వాడిలాగా ఊరంతా చాటుకోం. వాడి పూరింటి వెనకాల ఒక తుమ్మచెట్టుంది. అది ఒరిగి ఒరిగి పక్కింటి పేరయ్య గొడ్లకొట్టం మీదికి వాలింది. వానలు దగ్గరపడ్డాయి, పొయ్యిలోకి పుల్ల లేదు. ఇంకేం, చెట్టు కొట్టాల్సిందే. ఆ ఊళ్ళో పద్ధతేందంటే, వాలిన చెట్టు కొట్టేటప్పుడు నలుగురొచ్చి తాడు పట్టి, ఎటు పడాలంటే అటు లాగుతారు. తాడు పట్టినోళ్ళకి ఆ పూట కోడికూరతో అన్నం పెట్టాలి. సింగరకొండకి నాలుగు పెట్టలు, ఒక పుంజు. ఆ పుంజు ఎర్రగా, నిగనిగలాడతా ఉంటది, దాన్ని పెళ్ళాం కంటే బాగా చూసుకుంటాడనుకో. దాన్ని నలుగురు చీక్కుతింటారని తలుచుకోలేక, 'ఎవడూ రావద్దు, నా చెట్టు నేనే కొట్టుకుంటా' అన్నాడంట.

వాడి పెళ్ళాం నాంచారమ్మ, 'మరి తాడెవరు పడతారయ్యా?' అంది. వీడు మీసం దువ్వి, మనింటి నిట్టాడు పడతదే అన్నాడంట. నిట్టాడంటే తెలుసుగా, ఇంటి నడిమధ్య పాతి, కప్పునంతా మోసే గుంజ. 'మా తాత పాతింది, ఏనుగుని కట్టినా కదలదు' అని, చెట్టు కొమ్మల్లో మోకు బిగించి, రెండో కొస పెరటి వాకిట్లోంచి ఇంట్లోకి లాక్కొచ్చి, నిట్టాడుకి నాలుగు చుట్లు చుట్టి ముడేశాడు. పేరయ్య గోడమీంచి చూసి, 'ఒరేయ్, మనిషైతే చెట్టు గుంజినప్పుడు తాడొదిలేసి పక్కకి దూకుతాడు. గుంజ వదలదురా' అన్నాడు. 'నీ కొట్టం సంగతి నువ్వు చూసుకో మామా' అని వీడు. పేరయ్య గొడ్లని విప్పి తోలుకుపోయాడు. నాంచారమ్మేం చేసిందంటే, బియ్యం కుండ బయట పెట్టింది. చాపలు బయట పెట్టింది. ఉయ్యాల్లో పిల్లని చంకనేసుకుంది. 'ఎందుకే అన్నీ బయటికి మోస్తన్నావు?' అంటే, 'ఎండకి పెడతన్నా' అంది. పిల్లని కూడా ఎండకే పెట్టిందంట, పాపం.

ఇంక వీడు కొట్టాడు, కొట్టాడు, పొద్దున్నుంచీ కొడతానే ఉన్నాడు. అరచేతులు బొబ్బలెక్కినయ్యి. మధ్యాన్నానికి చెట్టు కిర్రుమంది. వీడు ఎగిరి పక్కకి దూకి, 'చూసుకో నాంచారీ!' అని అరిచాడంట. చూసింది. చెట్టు పేరయ్య వైపు ఒరిగింది, మోకు బిగిసింది, నిట్టాడు ఒక్క క్షణం ఆపింది కూడా, అబద్ధమెందుకు. ఆ తర్వాత మట్టితో సహా లేచొచ్చింది. కప్పు కప్పంతా కూలబడింది. ఆ ఆపిన కాస్తకే చెట్టు పక్కకి తిరిగి ఖాళీ దొడ్లో పడింది, పేరయ్య కొట్టం మీంచి గడ్డిపరకైనా రాల్లేదు. ఎవరి కొట్టాన్ని ఎవరిల్లు కాపాడిందో చూశారా! ఆ దుమ్ములోంచి పుంజు గగ్గోలు పెడతా బయటికొచ్చింది. నాంచారమ్మ గబుక్కున దాని కాళ్ళు పట్టుకుంది. 'అయ్యో, దాన్నెందుకే!' అన్నాడు వీడు. అప్పుడొచ్చింది ఆమెకి ఏడుపూ కోపమూ కలిసి. 'రేపు వానొస్తే పిల్లనెక్కడ పడుకోబెట్టాలయ్యా? నీ పుంజు రెక్కలకిందా?' అంది.

ఇల్లు లేపాలంటే నలుగురు చాలరు కదా, ఊరంతా కదిలొచ్చింది. ఆ తుమ్మ మొద్దునే చెక్కి, తాళ్ళు కట్టి, హైలెస్సా అని నిట్టాడు నిలబెట్టారు. పుంజు కూరలోకి పోయింది, పెట్టలు నాలుగూ పోయినయ్యి. కట్టెలకి మాత్రం కొదవ లేదు. అందరూ బంతికి కూర్చున్నారు, సింగరకొండ కూడా విస్తరేసుకుని కూర్చున్నాడు. నాంచారమ్మ అందరికీ ముక్కలేసుకుంటా వచ్చి, వీడి అన్నం మీద పులుసు పోసి ముందుకెళ్ళిపోయింది. 'నాకు ముక్కేదే?' అన్నాడు వీడు. 'తాడు పట్టినోళ్ళకే ముక్క. నువ్వెక్కడ పట్టావు, గుంజకి కట్టావు' అందంట.

తాడు పట్టినోళ్ళలో మా తాత ఉన్నాడు. పచ్చితుమ్మ పొగకి అందరికీ కళ్ళనీళ్ళు కారినయ్యి గానీ, ముక్క మాత్రం బాగా ఉడికిందని చెప్పేవాడు. సింగరకొండ కళ్ళనీళ్ళు కూడా పొగకేనంట. వాడే చెప్పుకున్నాడు.