సూదిలో దారం

గోపమ్మ అవ్వ పోయి నెల కావస్తోంది. పుట్టబోయే మునిమనవడి కోసం, ఇంట్లోవాళ్ల పాత బట్టల ముక్కలతో ఆమె సగం కుట్టి వదిలిన బొంతను అత్తాకోడళ్లు వాకిట్లో ఎండకు పరిచారు.

"అత్తమ్మా, బొంత మంచిగ కుట్టినవ్. ఇగ ఒక్క మూలనే మిగిలింది."

"నేనెక్కడ కుట్టిన? నువ్వే కుడుతున్నవనుకున్న."

"నాకు గింత సన్నగ కుట్టుడు వస్తదా?"

"గిది పోయిన మా అత్త కుట్టు లెక్కనే ఉంది. ఆమెది ఎడమచెయ్యి వాటం. అన్ని కుట్లు గిట్లనే వంగుతయి."

"మరి గీ పచ్చ ముక్క ఎవలది? అవ్వ ఉన్నప్పుడు గిది లేకుండె."

అత్త ఆ ముక్కకు అంటిన ఎర్రమట్టిని వేలితో రాసి చూసింది.

"అవ్వకు కట్టి బొందవెట్టిన చీరది."

"అయ్యో, అత్తమ్మా!"

"ఆమెకు కండ్లు కానరాకపాయె. సూదిల దారం ఎవలెక్కిచ్చిన్రు?"

"నేనే. అవ్వకు రోజు ఎక్కిచ్చి ఇచ్చేదాన్ని గద, గదే అలవాటైపాయె. ఇప్పటికీ పొద్దూకంగ ఎక్కిచ్చి గూట్ల పెడుతున్న. తెల్లారి చూస్తే ఉత్త సూదే ఉంటాంది. నువ్వు కుడుతున్నవనుకున్న."

అత్త గూట్లోంచి ఉత్త సూదిని తీసి చూసింది.

"ఇయ్యాల నేనైతే ఎక్కియ్య, అత్తమ్మా. నాకు భయమైతాంది."

"ఎక్కియ్యి, బిడ్డా. లేకపోతే దారం కోసం చీకట్ల ఇల్లంత దేవులాడుతది."